గుంతకు దండ వేసేముందు

జిల్లా పేజీ ఏ రోజుది తీసినా ఇలాంటి ఫొటో ఒకటి కనబడుతుంది. చెవిలో పూలు పెట్టుకున్న కాంట్రాక్టు ఉద్యోగులు, మోకాళ్ల మీద నడుస్తున్న కార్యకర్తలు, రోడ్డు మీద నిలిచిన నీళ్లలో వరినాట్లు వేస్తున్న ప్రతిపక్షం వాళ్లు, విగ్రహానికి వినతిపత్రం ఇస్తున్న విద్యార్థి సంఘం. పైన 'వినూత్న నిరసన' అని హెడ్డింగు. ఏళ్ల తరబడి అదే వినూత్నం. చూసినవాళ్లు ఒకసారి నవ్వుకుని పేజీ తిప్పేస్తారు. ఆఫీసులో సారు కూడా నవ్వుకుంటాడు. రోడ్డు మీద గుంత మాత్రం గుంతలాగే ఉంటుంది.

నెల్లూరు, ఒంగోలు వైపు మాటకి పదును తక్కువేం కాదు. టీ కొట్టు దగ్గర పది నిమిషాలు నిలబడితే చాలు, ముఖ్యమంత్రి దగ్గర్నుంచి వార్డు మెంబరు దాకా అందరికీ సన్మానం జరిగిపోతుంది. కానీ నోటి వెటకారం వేరు, ఒక పని జరిపించుకోడానికి పనికొచ్చే వ్యంగ్యం వేరు. వెటకారం ఆడినవాడికి కడుపు చల్లబరుస్తుంది. రెండోదానికి కాగితాలు కావాలి, కొలతలు కావాలి, ఎదుటివాడు ఏం జవాబిస్తాడో ముందే లెక్క వేసుకోవాలి. ఈ టపా ఆ రెండోదాని గురించి.

దీనికి మన అలంకారశాస్త్రంలో ఎప్పటినుంచో ఒక పద్ధతి ఉంది, వ్యాజస్తుతి. పైకి పొగడ్త, లోపల నింద. రాజకీయంగా పనిచేసేది దాదాపు ఎప్పుడూ ఇదే. తిట్టితే తిట్టినందుకు కేసు పెట్టొచ్చు, కనీసం ముఖం మాడ్చుకోవచ్చు. పొగిడినవాణ్ణి ఏం చేస్తాడు? 'నేను అంత మంచిగా చేయలేదు' అని తనే ఒప్పుకోవాలి, లేదంటే ఆ పొగడ్తకు తగ్గట్టు పని చేసి చూపించాలి.

కానీ ఎవరిని పడితే వాళ్లని పొగిడితే కుదరదు. ఉద్యోగపర్వంలో భీముడు ఉన్నట్టుండి 'సంధే మంచిది' అంటాడు. అప్పుడు కృష్ణుడు నవ్వుతాడు, కొండ బరువు తగ్గిందా, నిప్పు చల్లబడిందా అన్నట్టు మాట్లాడతాడు. భీముడికి రోషం వచ్చి తన బలమంతా చెప్పుకుంటాడు. ఆ పర్వాన్ని తెలుగు చేసింది మన నెల్లూరు తిక్కనే. అక్కడ కృష్ణుడి మాట తగలడానికి కారణం భీముడు అంతకుముందు సభలో అందరూ వినేలా ప్రతిజ్ఞ చేసి ఉండటం. ప్రతిజ్ఞ లేనివాడి దగ్గర అదే మాట వృథా. మీరు ఎత్తిపొడవబోయే మనిషో ఆఫీసో ముందు ఏదో ఒకటి మాట ఇచ్చి ఉండాలి, అది కాగితం మీద ఉండాలి. లేకపోతే వ్యంగ్యానికి పట్టు దొరకదు.

మన జిల్లాలో దీనికి అన్నిటికంటే పెద్ద ఉదాహరణ సారా ఉద్యమం. 1990ల మొదట్లో నెల్లూరు జిల్లాలో సంపూర్ణ అక్షరాస్యత కార్యక్రమం నడిచింది. రాత్రిబడులు పెట్టింది ప్రభుత్వం, వాచకం అచ్చేసింది ప్రభుత్వం, సారా ఇంటిని ఎలా కూలుస్తుందో అందులో పాఠం పెట్టింది కూడా అదే. ఇంకోపక్క సారా దుకాణాలకి వేలం పాట పాడించి ఆదాయం తీసుకునేదీ అదే ప్రభుత్వం. దూబగుంట ఆడవాళ్లు ఆ పాఠాన్ని ఉన్నదున్నట్టుగా తీసుకున్నారు. చదవమన్నారు, చదివాం, మీ పుస్తకంలో ఉన్నదే చేస్తున్నాం, దుకాణం మూయండి. దానికి జవాబు ఎక్కడుంది? 1992లో అది ఊరూరా పాకింది, వేలం పాటలు వాయిదాలు పడ్డాయి, 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతటా సారా నిషేధం వచ్చింది. ఉద్యమం గెలిచింది ఆడవాళ్ల తెగువతో, ఐకమత్యంతో. సందేహం లేదు. అయితే వాళ్లు ఎత్తిచూపింది సర్కారు వాళ్లు అచ్చేసిన పేజీనే అనేది మరిచిపోకూడదు.

కాబట్టి మొదటి పని నవ్వించే మాట వెతకడం కాదు. కాగితం వెతకడం.

రోడ్డు సంగతే తీసుకుందాం, ఎక్కువమందికి అదే అవసరం. మీ ఊరి రోడ్డు ప్రధానమంత్రి గ్రామ సడక్ యోజన, అంటే పీఎంజీఎస్‌వై కింద వేసిందైతే రోడ్డు మొదట్లో ఒక బోర్డు ఉంటుంది, తుప్పు పట్టినా సరే. రోడ్డు పేరు, పొడవు, అంచనా విలువ, కాంట్రాక్టరు పేరు, పని పూర్తయిన తేదీ దాని మీద ఉంటాయి. ఆ పథకంలో 5 ఏళ్ల పాటు రోడ్డు నిర్వహణ బాధ్యత వేసిన కాంట్రాక్టరుదే. ఆ తేదీకి 5 కలిపితే గడువు తెలిసిపోతుంది. గడువు లోపలే ఉంటే మీ పని సగం అయినట్టే. బోర్డు లేకపోయినా, రోడ్డు ఆర్ అండ్ బీ (రోడ్లు, భవనాల శాఖ)ది అయినా, సమాచార హక్కు దరఖాస్తు పెట్టాలి. మన రాష్ట్రంలో గ్రామస్థాయి ఆఫీసులో ఫీజు లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు, ఆపైన 10. తెల్లకార్డు ఉంటే అదీ అక్కర్లేదు, కార్డు జిరాక్సు జత చేయాలి. 30 రోజుల్లో జవాబివ్వాలి.

దరఖాస్తులో చాలామంది చేసే తప్పు 'రోడ్డు ఎందుకు బాగుచేయలేదు' అని రాయడం. 'ఎందుకు' అన్న ప్రశ్నకి ఆ చట్టం కింద జవాబు రాబట్టలేం. అది ఉన్న రికార్డుని ఇచ్చే చట్టం. అంచనా కాపీ, ఒప్పందం కాపీ, పని కొలతలు రాసే ఎం-బుక్‌లో ఆ పనికి సంబంధించిన పేజీలు, నిర్వహణ గడువు తేదీ చూపించే కాగితం అని అడగండి. ఎం-బుక్ పేజీ అన్నిటికంటే విలువైనది. అందులో ఎన్ని మీటర్ల పొడవున, ఎంత మందంతో వేశారని రాసి బిల్లు తీసుకున్నారో ఉంటుంది. స్కేలు తీసుకుని గుంత అంచు దగ్గర కొలిస్తే అసలు మందం బయటపడుతుంది. ఆ రెండు అంకెలు పక్కపక్కన పెడితే మీరు ఒక్క మాట కూడా కలపనక్కర్లేదు.

రెండో కాగితం అర్జీ రసీదు. సోమవారం గ్రీవెన్స్‌లో, అంటే కలెక్టరేట్‌లో అర్జీలు తీసుకునే చోట, నెల్లూరులో అయితే తిక్కన ప్రాంగణంలో, ఒంగోలులో అయితే ప్రకాశం భవన్‌లో, అర్జీ ఇచ్చి నంబరు తీసుకోండి. కొన్నాళ్లకి ఫోనుకి మెసేజ్ వస్తుంది. పని జరిగి 'పరిష్కరించబడింది' అని వస్తే మంచిదే. జరగకుండానే అలా వచ్చిందంటే మీకు లాటరీ తగిలినట్టు. ఆ మెసేజ్‌ని మించిన వ్యంగ్యం మీరు జన్మలో రాయలేరు. స్క్రీన్‌షాట్ తీసి తేదీ, నంబరు కనబడేలా దాచుకోండి. ఫోను నంబరు, ఆధార్ మాత్రం చెరిపేయండి.

ఇప్పుడు ఫ్లెక్సీ. మన ఊళ్లలో ఫ్లెక్సీ లేని పుట్టినరోజు లేదు, ఫ్లెక్సీ లేని చావు లేదు. జనం కన్ను ఆ భాషకి అలవాటు పడి ఉంది కాబట్టి వ్యంగ్యానికీ అదే సరైన వేషం. ఒకే గుంత మీద మూడు రకాలుగా రాసి చూద్దాం.

మొదటి రకం: 'ఈ రోడ్డు వేసిన దొంగల్లారా, నిద్రపోతున్న అధికారుల్లారా, సిగ్గు లేదా?' ఇది కోపం. ఇందులో వ్యంగ్యం లేదు. పైగా 'దొంగ' అన్న మాటకి రుజువు మీరే తెచ్చుకోవాలి.

రెండో రకం: 'మా గుంతకు తృతీయ జన్మదిన శుభాకాంక్షలు. ఇట్లు, గుంత అభిమాన సంఘం.' చుట్టూ గుండ్రటి ఫ్రేములో గుంత ఫొటో, మూలన సింహం బొమ్మ. జనం నవ్వుతారు, వాట్సాప్‌లో తిరుగుతుంది. కానీ ఇందులో ఎవరు ఏం చేయాలో లేదు. ఏఈ (అసిస్టెంట్ ఇంజినీరు) గారు కూడా తన గ్రూపులో పెట్టుకుని నవ్వుకోవచ్చు. మనవాళ్లలో ఎక్కువమంది ఇక్కడే ఆగిపోతారు. నాకు ఈ రకం మీద కోపం లేదు గానీ, పోరాటం కింద మాత్రం లెక్కపెట్టను.

మూడో రకం: 'మా రోడ్డు బాగుచేసినందుకు కృతజ్ఞతలు.' కింద అర్జీ నంబరు. దాని కింద, 'పరిష్కరించబడింది అని మెసేజ్ వచ్చిన తేదీ' అని తేదీ. ఆ తరవాతి వరస, 'ఈ ఫొటో తీసిన తేదీ'. చివరి వరస, 'కాంట్రాక్టరు నిర్వహణ గడువు ఫలానా నెల వరకు'. దాన్ని గుంత పక్కన పట్టుకుని నిలబడటమే. విశేషణాలు లేవు, ఆశ్చర్యార్థకాలు లేవు, అభిమాన సంఘం లేదు. ఇది చదివినవాడు మొదట నిజమైన కృతజ్ఞతే అనుకోవాలి. గుంతని చూశాక విషయం అర్థం కావాలి. ఇక్కడ మీరు ఎవర్నీ ఏమీ అనలేదు, వాళ్ల మాటని వాళ్లకే అప్పజెప్పారు. పైఅధికారి చూస్తే మొదట అడిగే ప్రశ్న 'ఈ అర్జీని ఎవరు క్లోజ్ చేశారు?' అని. ఆ ప్రశ్న పుట్టించడం కోసమే ఇదంతా.

అచ్చు దగ్గర కూడా పని చెడుతుంది. 6 అడుగుల వెడల్పు, 4 అడుగుల ఎత్తు ఉన్నది ఇద్దరు సులువుగా పట్టుకోగలరు. 30 అడుగుల దూరం నుంచి హాయిగా చదవాలంటే అక్షరం 3 అంగుళాల ఎత్తు ఉండాలి. తెలుగులో కింద వత్తులు, పైన గుడులు ఉంటాయి కాబట్టి వరసకి అయిదున్నర అంగుళాలైనా వదలాలి. 48 అంగుళాల ఎత్తులో అంచులు పోను ఏడు వరసలు, అంతే. వరసకి ఇరవై అక్షరాలు దాటించకండి. డీటీపీ వాళ్లు చాలాచోట్ల ఇంకా యూనికోడ్ కాని పాత 'అను' ఫాంట్లలోనే పనిచేస్తారు. మీరు వాట్సాప్‌లో పంపిన మేటర్‌ని మార్చేటప్పుడు వత్తులు ఎగిరిపోతాయి, 'కృతజ్ఞతలు' కాస్తా ఇంకేదో అవుతుంది. వ్యంగ్యంలో అచ్చుతప్పు పడితే నవ్వు మీ మీదకి తిరుగుతుంది. ప్రింట్ కొట్టేముందు ప్రూఫ్ ఫొటో తెప్పించుకుని, మేటర్ రాయని మనిషితో చదివించండి. అంకెలు, ముఖ్యంగా అర్జీ నంబరు, ఒకరు చదువుతుంటే ఇంకొకరు సరిచూడాలి. ఒక్క అంకె తప్పినా ఆ ఆఫీసుకి మీరే తప్పించుకునే దారి ఇచ్చినట్టు.

సముద్రం గాలి ఉన్న ఊళ్లలో, చీరాల, కావలి వైపు, ఫ్లెక్సీకి అక్కడక్కడా అర్ధచంద్రాకారంలో కోతలు పెట్టిస్తే చిరగదు. సరుగుడు కర్రలకి కట్టి చేతుల్తో పట్టుకోండి. కరెంటు స్తంభానికి కట్టొద్దు. కట్టి వదిలేస్తే అది అనుమతి లేని ఫ్లెక్సీ అవుతుంది, మునిసిపాలిటీ వాళ్లు పీకేస్తారు, చర్చంతా ఫ్లెక్సీ మీదకి పోతుంది. చేత్తో పట్టుకుంటే ఆ తంటా లేదు.

ఎంతమంది ఉండాలి? నలుగురు చాలు. నిషేధాజ్ఞలు అమల్లో ఉన్నప్పుడు మామూలుగా ఐదుగురు, అంతకంటే ఎక్కువమంది గుమిగూడటం మీదే ఆంక్ష ఉంటుంది. ఆ ఆజ్ఞలిచ్చే పాత 144 సెక్షన్ ఇప్పుడు భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో 163. అది కాక సభల్ని, ఊరేగింపుల్ని అదుపుచేసే 1861 నాటి పోలీసు చట్టం సెక్షన్ 30 ఫలానా తేదీ వరకు అమల్లో ఉందని డీఎస్పీ ప్రకటన పేపర్లో వస్తుంటుంది. రెండూ చూసుకుని, ఆ ఉత్తర్వులో ఏముందో చదివి బయల్దేరండి. ఊరేగింపు, మైకు ఉంటే రాతపూర్వకంగా అనుమతి అడగాలి. ఇరుకు సెంటర్లో జనాన్ని పోగేయొద్దు. 2022 డిసెంబరు 28న కందుకూరులో ఒక రాజకీయ సభ తోపులాటలో 8 మంది చనిపోయారు. ఆ తరవాత కొద్దిరోజులకే రోడ్ల మీద సభలకు ఆంక్షలు పెడుతూ జీఓ 1 వచ్చింది, 2023 మేలో హైకోర్టు దాన్ని కొట్టేసింది. వ్యంగ్యానికి జనసమూహం అసలు అవసరమే లేదు. జనం ఎక్కువైతే అది నినాదంగా మారిపోతుంది, మాట వినబడదు.

టైము ఉదయం పది, పదకొండు మధ్య. మిట్టమధ్యాహ్నం ఫ్లెక్సీ మీద ఎండ తళుక్కుమని ఫొటోలో తెల్లగా వస్తుంది. ఎండ ఫొటో తీసేవాడి వీపు వైపు ఉండాలి. ఒకే ఫ్రేములో గుంత, ఫ్లెక్సీ, ఆ చోటుని గుర్తుపట్టే ఆనవాలు, బడి గేటో, వాటర్ ట్యాంకో, మూడూ రావాలి. నాయకుడి మొహం మధ్యలో వస్తే ఫొటో పాడైపోయినట్టే. మండల విలేకరికి మధ్యాహ్నం మూడులోపు ఒక ఫొటో, ఎనభై మాటల మేటర్ పంపండి. ఊరు, రోడ్డు పేరు, పొడవు, అర్జీ నంబరు, గడువు తేదీ, ఏం కోరుతున్నారు. 'వినూత్న' అన్న మాట మీరు రాయకండి, ఎలాగూ వాళ్లు రాస్తారు. సంబంధిత ఆఫీసు వివరణ తీసుకోమని విలేకరికి మీరే చెప్పండి. అధికారి వివరణలో ఒక తేదీ చెప్పాడంటే అది ఇంకో ప్రతిజ్ఞ, మీ దస్త్రంలోకి ఇంకో కాగితం.

వడ్ల ధర విషయంలోనూ ఇదే కొలత. నెల్లూరు పుట్టి అంటే 850 కిలోలు. 2024-25లో ఏ గ్రేడు ధాన్యానికి కేంద్రం ప్రకటించిన మద్దతు ధర క్వింటాలుకి 2,320 రూపాయలు. లెక్క కట్టితే పుట్టి 19,720. కళ్లంలో దళారి అంతకంటే తక్కువ చెబుతుంటాడు. వడ్లు రోడ్డు మీద పోసి తగలబెట్టడం, కలెక్టరేట్ ముందు పారబోయడం చూసినప్పుడల్లా నాకు మనసొప్పదు, ఆరుగాలం కష్టం మట్టిపాలు చేసుకోవడం తప్ప ఒరిగేది లేదు. దానికి బదులు కళ్లంలో రాశి పక్కన బల్ల వేసి, కాటా పెట్టి, 'ప్రభుత్వ ధర అమలవుతున్న దుకాణం. పుట్టి రూ.19,720. కొనదలచిన అధికారులు వరసలో రావలెను' అని బోర్డు పెట్టండి. ఆ ఏడాది ధర ఏదైతే అది. వ్యవసాయశాఖ, పౌరసరఫరాల సంస్థ, మిల్లర్ల సంఘం, ముగ్గురికీ రాతపూర్వకంగా ఆహ్వానం పంపి రసీదు తీసుకోండి.

ఇక్కడ తప్పు జరిగేది తేమ దగ్గర. మద్దతు ధరకి తేమ 17 శాతం మించకూడదు. వచ్చిన అధికారి రాశిలో చెయ్యిపెట్టి 'తేమ ఎక్కువుంది కదయ్యా' అన్నాడంటే మీ బోర్డు అక్కడే కూలిపోతుంది. అందుకని ముందురోజే రైతు సేవా కేంద్రంలో తేమ చూపించుకుని, ఆ అంకె రాయించుకుని, బోర్డు కిందే అంటించండి. వ్యంగ్యంలో ఎదుటివాడికి ఒక్క సాకు కూడా మిగల్చకూడదు. మిగిలిన ఆ ఒక్కదాన్నే పట్టుకుని అతను బయటపడతాడు.

బయటి దేశాల్లో ఇది బాగా నడిపినవాళ్ల దగ్గర కూడా ఇదే కనబడుతుంది. సెర్బియాలో 1998లో పుట్టిన ఓట్‌పోర్ అనే విద్యార్థుల ఉద్యమం అప్పటి పాలకుడు మిలోషెవిచ్ బొమ్మ అంటించిన పీపాని వీధిలో పెట్టి, చిల్లర వేసి కర్రతో ఒక దెబ్బ కొట్టమంది. పెట్టినవాళ్లు పక్కకి తప్పుకున్నారు. పోలీసులు వచ్చి పట్టుకోడానికి మనిషి లేడు, చివరికి పీపానే ఎత్తుకుపోయారు. ఫొటోల్లో పడింది అదే. వదిలేస్తే జనం కొడుతుంటారు, తీసుకెళ్తే పీపాని అరెస్టు చేసినట్టు. రెండు దారులూ ఇబ్బందే. 2012లో సైబీరియాలోని బర్నాల్‌లో సభకి అనుమతి ఇవ్వకపోతే నిరసనకారులు ఆటబొమ్మలకి ప్లకార్డులిచ్చి మంచులో నిలబెట్టారు. తరవాత మళ్లీ అనుమతి అడిగితే, బొమ్మలు రష్యా పౌరులు కావు కాబట్టి కుదరదన్నారు అధికారులు. ఆ జవాబు ప్రపంచమంతా తిరిగింది.

నాకు అన్నిటికంటే నచ్చింది జర్మనీలో వున్‌జీడెల్ అనే చిన్న ఊరు చేసిన పని. ఏటా అక్కడ నియో నాజీలు కవాతు చేస్తారు. ఆపలేకపోయారు. 2014లో ఊరివాళ్లు, వ్యాపారులు కలిసి కవాతు నడిచే ప్రతి మీటరుకీ 10 యూరోల చొప్పున విరాళం ప్రకటించారు. ఆ డబ్బు నాజీ ముఠాల్లోంచి బయటికొచ్చేవాళ్లకి సాయపడే సంస్థకి. దారి పొడవునా ప్రోత్సాహపు బ్యానర్లు, తినడానికి అరటిపళ్లు, చివర్లో 'మీకు కృతజ్ఞతలు, 10,000 యూరోలు సేకరించారు' అని బోర్డు. నడిస్తే తమకి వ్యతిరేకంగానే విరాళం, ఆగితే కవాతు ఆగినట్టు. ఈ పద్ధతి మన దగ్గర ఎవరూ పెద్దగా వాడలేదు. ఏటా వచ్చి అదే హామీ ఇచ్చి వెళ్లే నాయకుడు ఉన్నచోట, ఆయన ఆ మాట అన్నప్పుడల్లా ఊరి బడికి వంద రూపాయలు ఆయన పేరుతో జమ చేసి, రసీదు ఆయనకే పోస్టు చేయొచ్చు. అందులో చట్టానికి అడ్డొచ్చేదేమీ లేదు. ఖర్చు తక్కువ.

ఇక చెడిపోయే దారులు. ఎక్కువ ప్రమాదం వ్యంగ్యాన్ని నిజమనుకోవడంలో ఉంది. ఇంగ్లండులో డేనియల్ డెఫో 1702లో ఒక కరపత్రం వేశాడు. మతంలో తమతో విభేదించేవాళ్లని తుడిచిపెట్టాలని, ఆ ఛాందసుల గొంతుతోనే. ఛాందసులు కొందరు నిజమే అనుకుని మెచ్చుకున్నారు. అతను ఎవరి పక్షాన రాశాడో వాళ్లు భయపడ్డారు. విషయం తెలిశాక రెండు పక్షాలూ తిట్టాయి, 1703లో మూడు రోజులు మెడ, చేతులు బిగించే కొయ్యలో అందరి ముందూ నిలబెట్టారు. మన దగ్గర ఇప్పుడు దీనికి సమానం నకిలీ జీఓ. 'గుంతల బాధితుల పింఛను' అని రాజముద్రతో సరదాగా ఒక ఉత్తర్వు తయారుచేసి గ్రూపులో పెట్టారనుకోండి. సాయంత్రానికి దాన్ని పక్క మండలానికి ఎవరో పంపిస్తారు, తెల్లారేసరికి ముసలమ్మలు ఆధార్ జిరాక్సులు పట్టుకుని సచివాలయం ముందు నిలబడతారు. మోసపోయింది వాళ్లు, నవ్వింది మీరు. అది కాక రాజముద్ర, సంతకం, పత్రిక క్లిప్పింగు నకలు చేస్తే ఫోర్జరీ కేసు దాకా పోతుంది. ఉన్న కాగితాన్ని చూపించండి, లేనిదాన్ని పుట్టించకండి. ఫొటోలోనే ఊరు, తేదీ, కోరిక ఉండేలా చూసుకుంటే ఎవరు ఎక్కడ కత్తిరించి పంపినా అర్థం మారదు.

ఇంకో తప్పు కిందివాళ్ల మీద పడటం. పనిచేయని అధికారికి చీర, గాజులు ఇచ్చే నిరసన మన రెండు జిల్లాల్లోనూ ఇప్పటికీ జరుగుతోంది. దాని అర్థమేంటి, ఆడదానిలా ఉన్నావనా? సారా దుకాణాలు మూయించిన ఆడవాళ్ల జిల్లాలో ఆ మాట అనడానికి నోరెలా వస్తుందో. భిక్షాటన నిరసన నిజంగా అడుక్కునేవాళ్లని వెక్కిరిస్తుంది. శవయాత్రలో డప్పు కొట్టించి కులాన్ని తొక్కేవాళ్లు ఉన్నారు. గాడిదని తెచ్చి ఎండలో నిలబెడితే గాడిదకి శిక్ష. పండగలూ అంతే. నెల్లూరులో కోరికకో రొట్టె మార్చుకునే రొట్టెల పండగ రోజుల్లో 'రోడ్డు రొట్టె' అంటూ స్వర్ణాల చెరువు దగ్గర సరదా చేద్దామని ఎవరికైనా అనిపించొచ్చు. వద్దు. అక్కడికి వచ్చేవాళ్లు మొక్కుతో వస్తారు. వాళ్ల నమ్మకం మీ ఫొటోకి వెనక తెర కాకూడదు.

అరిగిపోవడం సంగతి. 2023 డిసెంబరు, 2024 జనవరిల్లో అంగన్‌వాడీల సమ్మె 42 రోజులు నడిచింది, మధ్యలో సమ్మెల్ని నిషేధించే ఎస్మా చట్టం కూడా పెట్టారు. అన్ని రోజుల శిబిరానికి రోజుకో రూపం కావాలి, శిబిరం నిలబడటానికి అది అవసరమే. చెవిలో పూలు, గరిటెల మోత, కళ్లకి గంతలు అక్కడ ఉత్సాహం నిలిపే పని చేస్తాయి. కానీ ఒక్కరోజు నిరసనకి అదే రూపం అరువు తెచ్చుకుంటే పనిచేయదు. నెల్లూరు దోమల మీద వ్యంగ్యం కూడా అలాగే అరిగిపోయింది. దోమకి సన్మానం చేస్తామంటే కార్పొరేషన్ వాళ్లే శాలువా పంపిస్తారు.

పార్టీ జెండా ఒక్కటి కనబడినా వ్యంగ్యం చచ్చిపోతుంది. చూసేవాడి బుర్ర 'వీళ్లు ఉన్నప్పుడు ఏం చేశారు' అన్న ప్రశ్న దగ్గరికి పోతుంది, అది న్యాయమైన ప్రశ్నే.

కేసుల విషయం. సోషల్ మీడియా పోస్టులకి వాడిన ఐటీ చట్టం 66ఏ సెక్షన్‌ని సుప్రీంకోర్టు 2015 మార్చి 24న కొట్టేసింది. దాని కింద ఎవరైనా భయపెడితే ఆ తీర్పు కాపీ దగ్గర ఉంచుకోండి. పరువునష్టం ఇప్పుడు భారతీయ న్యాయ సంహిత 356. నిజమై, ప్రజాహితం కోసమైతే మినహాయింపు ఉంది. ప్రభుత్వోద్యోగి విధి నిర్వహణ మీద సద్భావంతో చెప్పే అభిప్రాయానికీ ఉంది. కాబట్టి పనిని పట్టుకోండి, మనిషి ఇల్లు, ఇల్లాలు, కులం, రూపం జోలికి పోవద్దు. కులం, మతం తగిలిందంటే 196 లాంటి సెక్షన్లు ఉన్నాయి, అక్కడ వ్యంగ్యమని చెప్పుకున్నా ఉపయోగం ఉండదు. ఎన్నికల సమయంలో కరపత్రమో పోస్టరో వేస్తే ప్రజాప్రాతినిధ్య చట్టం 127ఏ ప్రకారం ముద్రించినవాళ్ల, ప్రచురించినవాళ్ల పేరు, చిరునామా దాని మీద ఉండాలి. లేకపోతే 6 నెలల దాకా జైలు, 2,000 రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ.

ఎదుటివాడు తెలివైనవాడైతే ఏం చేస్తాడో కూడా తెలుసుకోవాలి. నేరుగా మీ ఫ్లెక్సీ దగ్గరికి వస్తాడు, నవ్వుతాడు, 'భలే రాశావబ్బయా' అంటాడు, మీతో సెల్ఫీ దిగుతాడు. మర్నాడు పేపర్లో ఆయన పెద్దమనసు గురించి వస్తుంది. మన నాయకుల్లో ఈ విద్య తెలిసినవాళ్లు తక్కువేం లేరు. సెల్ఫీకి ఒప్పుకోండి, మొహమాటపడొద్దు, కానీ ఫ్లెక్సీలో ఖాళీగా వదిలిన చివరి వరస ముందే ఉంచుకోండి, 'పని మొదలుపెట్టే తేదీ' అని. మార్కర్ పెన్ను ఆయన చేతికివ్వండి. రాస్తే మీకు ప్రతిజ్ఞ దొరికింది. రాయకుండా పెన్ను తిరిగిచ్చేస్తే ఫొటో అదే.

పని జరిగితే కృతజ్ఞత చెప్పాలి. అంతకుముందు వ్యంగ్యంగా చెప్పినదే ఇప్పుడు నిజంగా చెప్పాల్సి వస్తుంది, జనం దాన్ని కూడా ఎత్తిపొడుపే అనుకుంటారు, అధికారి కూడా ఉలిక్కిపడతాడు. అందుకని దీనికి ఫ్లెక్సీ వాడొద్దు. తెల్లకాగితం మీద ఉత్తరం రాసి, ఎన్ని మీటర్ల మేర, ఏ తేదీన మరమ్మతు అయ్యిందో పెట్టి, దగ్గరుండి చేయించిన ఏఈ పేరు రాసి, ఆయన పైఅధికారి ఈఈకి (ఎగ్జిక్యూటివ్ ఇంజినీరుకి) ఒక కాపీ, సోమవారం గ్రీవెన్స్‌లో ఒక కాపీ ఇవ్వండి. 'హృదయపూర్వక', 'అపర భగీరథ' లాంటివి వద్దు. గ్రూపులో పెట్టేటప్పుడు పక్కన దండం ఎమోజీ కూడా పెట్టకండి.